ఆడపడుచు వాటా

"తిన్నానని ఒక్క మాట సెప్పీ బావా. ఈ సంచీ ఇప్పుడే విప్పీస్తాను," అంది శైలజ.

"నాను తిన్లేదు," అన్నాడు మోహనకృష్ణ.

"మరి ఆ పురుగు నీ బుర్రలోకి బస్సెక్కి వొచ్చిందేటి?"

తొమ్మిది రోజులుగా మోహనకృష్ణ కూడా అదే ప్రశ్న వేసుకుంటున్నాడు.

మంచం అంచున కూర్చుని ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకుంటున్నాడు. పడిపోయిన నాటి నుంచి ఆ చెయ్యి తిమ్మిరిగానే ఉంది. సాలూరు లారీల అడ్డాలో, లోడు కట్టిన సొంత బండి ముందు టైరు పక్కన, నలుగురూ చూస్తుండగా విరుచుకు పడ్డాడు. విజయనగరం ఆసుపత్రిలో తలకి స్కానింగ్ తీశారు. మెదడులో రెండు తిత్తులున్నాయనీ, పంది మాంసంలో ఉండే పురుగు తెచ్చిన జబ్బు అనీ డాక్టరుగారు చెప్పారు.

చెప్పింది తల్లి సుభద్రమ్మకి. ఆవిడ ఇంటికి మోసుకొచ్చిన మాట అదొక్కటే. మోహనకృష్ణ అప్పుడు ఇంజక్షను మత్తులో ఉన్నాడు. శైలజ కూతురిని పెట్టుకుని ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇక డిశ్చార్జి కాగితమంటారా, అది ఇంగ్లీషులో ఉంది. దానిని అగ్గిపెట్టె కింద పెట్టి దేవుడి గూట్లో దాచారు.

పంది! ఏడేళ్ళుగా కోడిగుడ్డు కూడా ముట్టని మనిషికి!

ఏడేళ్ళ కిందట ఘాట్ రోడ్డులో బ్రేకులు పట్టని బండి లోయ అంచున ఎలా ఆగిందో మోహనకృష్ణకి ఇప్పటికీ తెలియదు. ఆ మర్నాడే రామతీర్థం వెళ్ళి, బతికినన్నాళ్ళూ నీసు తిననని రాముడికి మొక్కుకున్నాడు. అప్పట్నుంచి ఇంట్లో పొయ్యి మీద నీసు ఉడకదు. ఆడవాళ్ళకి తినాలనిపిస్తే పెరట్లో వేరే పొయ్యి, వేరే గిన్నెలు. అటువైపు అతను తొంగి కూడా చూడడు.

"సుంకి కాడ హోటల్లో పంది ఏపుడు పెట్టించుకున్నారట గదా. వెంకీ సెప్పినాడు," అంది శైలజ. సుంకి ఘాట్ రోడ్డు మీద లారీలు ఆగే ఊరు. వెంకీ పక్క లారీ డ్రైవరు.

"ఆల్లు పెట్టించుకున్నారు. నాను పక్క బల్ల మీద పప్పన్నం తిన్నాను. వెంకీనే అడుగు."

"అడిగినాను. 'అన్నయ్య ఏటి తిన్నాడో నాను సూల్లేదొదినా' అన్నాడు. నీ స్నేహితుడు గదా, ఇంకేటంటాడు?"

చూడలేదన్న మాట కన్నా పెద్ద సాక్ష్యం కోపంలో ఉన్న ఇల్లాలికి అక్కర్లేదు.

"ఆ ఏపుడులో పెట్టిన గరిటే పప్పులో పెట్టినాడు గావాల," అన్నాడు మోహనకృష్ణ మెల్లిగా.

"గరిటా!" శైలజ నవ్వింది. ఆ నవ్వు చూసి మోహనకృష్ణకి భయం వేసింది. "నాకు కోపమెందుకో తెల్సా బావా? నువ్వు తిన్నావని కాదు. మగోడివి, దేశాలు తిరిగీవోడివి, నాలిక లాగింది, తిన్నావు. దేవుడికి సెప్పుకుందుము. రామతీర్థమెల్లి గుండు సేయించుకుందువు. కానీ ఏడేల్లు నా ఎదురుగా కూకోని, నాను పెట్టిన ముద్దపప్పు తింటా, అబద్దమాడినావు సూడు..."

"ఆడలేదే."

"మల్లీ అదే మాట!"

ఆమె రెండు చీరలు సంచీలో కుక్కింది. పైన కూతురి గౌను పెట్టింది. తులసికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఇప్పుడు బళ్ళో ఉంది.

"నాన్న పదకొండింటికి వొస్తాడు. పార్వతీపురంలో బస్సు మారినానని ఫోన్ సేసినాడు. ఈలోగా నిజం సెప్తే ఉంటాను. నేకపోతే బడి కాడే తులసిని తీసుకోని పాతపట్నం ఎల్లిపోతాను. మల్లీ రాను. రానంటే రాను."

పాతపట్నం శైలజ పుట్టిల్లు. సుభద్రమ్మ పుట్టిల్లు కూడా అదే. సుభద్రమ్మ తమ్ముడు నారాయణమూర్తి కూతురే శైలజ. మేనరికం. అందుకే ఈ ఇంట్లో మొగుడూ పెళ్ళాల దెబ్బలాటలో మూడో మనిషి ఎప్పుడూ ఇటు అమ్మా, అటు అత్తా అయి నలిగిపోతుంది.

ఆ మూడో మనిషి గుమ్మంలో కూర్చుని చేటలో చోళ్ళు, అంటే రాగులు, పోసుకుని రాళ్ళు ఏరుతోంది. మామూలుగా అయితే సుభద్రమ్మ నోరు ఊరుకోదు. గిన్నె చప్పుడైతే ఒక మాట, కాకి అరిస్తే ఒక మాట. అలాంటి మనిషి ఆసుపత్రి నుంచి వచ్చాక పెదవి విప్పడం మానేసింది. కొడుకు మీద బెంగ అని శైలజ అనుకుంది.

"అత్తా, నువ్వయినా సెప్పు. అబద్దమాడితే దేవుడు ఊరుకుంటాడేటి?"

"నాకేటి తెల్సమ్మా," అంది సుభద్రమ్మ, ఏరిన రాయిని మళ్ళీ చేటలోనే పడేస్తూ.

గోడ గడియారం పదిన్నర దాటింది. మోహనకృష్ణ భార్య వైపు చూశాడు. నిన్నటిదాకా అతనికి ధైర్యం ఉండేది, తను తినలేదు కాబట్టి ఎప్పటికైనా అదే నిజమని తేలుతుందని. ఇవాళ ఆ ధైర్యం కూడా పలచబడింది. తినకుండా పురుగు ఎలా వస్తుంది? నిద్రలో తిన్నాడా? ఎవరైనా పప్పులో కలిపారా? తన నాలుక మీద తనకే నమ్మకం పోతోంది. ఒకటి మాత్రం అతనికి స్పష్టంగా తెలుసు. శైలజ వెళ్ళిపోతే ఈ ఇంట్లో తను ఉండలేడు. మాత్రలు వాడినన్నాళ్ళూ స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు. బండి పోయింది, భార్యా బిడ్డా కూడా పోతే ఇంకేం మిగిలింది?

మగవాళ్ళు అబద్ధమాడేది చేసిన తప్పు దాచుకోవడానికేనని లోకం అనుకుంటుంది. చెయ్యని తప్పు ఒప్పుకోవడానికీ ఆడతారు.

"తిన్నాను," అన్నాడు.

శైలజ చేతులు సంచీలోనే ఆగిపోయాయి. "ఎప్పుడు?"

రెండో ప్రశ్న ఉంటుందని మోహనకృష్ణ అనుకోలేదు. "కిందటి... ఏసవిలో."

"ఎక్కడ?"

"సుంకి కాడే."

"ఎన్ని సార్లు?"

"ఒక్కసారి," అన్నాడు. మరీ ఒక్కసారంటే నమ్మదేమోనని భయం వేసింది. "కాదు, రెండు సార్లు."

శైలజ నేల మీద కూలబడి భోరున ఏడ్చింది. ఏడుస్తూనే సంచీలోంచి చీరలు తీసి దండెం మీద వెయ్యడం మొదలుపెట్టింది. "ఇంత ముక్కకి తొమ్మిది రోజులా బావా! నన్ను ఇంత ఏడిపించాలా!"

ఆ క్షణంలో గుమ్మంలో చేట జారింది. చోళ్ళన్నీ గడప అవతలికీ ఇవతలికీ చిందాయి. సుభద్రమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. నోరు తెరిచింది. ఏదో అనబోయింది.

"గాలికి జారిపోనాది," అంది చివరికి.

గాలి లేదు. ఫ్యాను కూడా తిరగడం లేదు.

*

నారాయణమూర్తి వచ్చేసరికి ఇల్లు ఏడ్చి తేరుకున్న ఇల్లులా ఉంది. ఆయన చెప్పులు విప్పి, తిన్నగా లోపలికి రాకుండా పెరట్లోకి వెళ్ళి, వేరే పొయ్యి పక్కన గోడ మీద అడ్డాకుల పొట్లం ఒకటి పెట్టి వచ్చాడు. ఈ ఇంటి ఆచారం ఆయనకి తెలుసు. అల్లుడు మొక్కున్న మనిషి, నీసు గుమ్మం దాటకూడదు.

"అప్పా, మీ వాటా పెట్టినాను. నీదీ, సైలుదీ," అన్నాడు అక్కగారితో. ఆ వైపు అక్కని అప్ప అంటారు.

సుభద్రమ్మ తల ఊపింది. తమ్ముడు ఏడాదికి రెండుసార్లు తెచ్చే ఆ పొట్లం కోసం ఆవిడ ఎదురుచూస్తుంది. ఇవాళ అటు చూడలేదు.

"మరేటి నిర్ణయం?" కుర్చీలో కూర్చుంటూ అడిగాడు నారాయణమూర్తి. "నాను పెద్దమనిషిగా వొచ్చినాను. అల్లుడనీ, మేనల్లుడనీ మొగమాటం నేదు."

"ఒప్పుకున్నాడు నాన్నా. ఒగ్గీ," అంది శైలజ కాఫీ అందిస్తూ. "నాను రాను. మద్దేనం తినీసి ఎల్దువు గాని."

"ఒప్పుకున్నాడా! అయితే నిజమేనేట్రా మోహనా?" నారాయణమూర్తి గ్లాసు పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు. తగువు తీర్చడానికి వచ్చి తగువు లేకపోతే పెద్దమనిషికి తోచదు. "ఏడు తరాలకి మా ఇంట్లో పంది ముట్టినోడు నేడురా. తాగినోలున్నారు, పేకాడినోలున్నారు, పెల్లాన్ని ఒగ్గీసినోడూ ఉన్నాడు. పంది తిన్నోడు మాత్రం నేడు. మురుక్కాలవలో పొర్లీ జంతువు! నీకు నాలికెలాగ ఎల్లిందిరా?"

మోహనకృష్ణ తల వంచుకున్నాడు. "తప్పయిపోనాది మావా."

"నాన్నా, ఆపు!" అంది శైలజ. పొద్దున్నుంచీ తను వేసిన శిక్షే ఇంకొకరు వేస్తుంటే ఆమెకి నచ్చలేదు.

సుభద్రమ్మ గడప దగ్గర చోళ్ళు ఎత్తుతోంది. ఒక్కొక్క గింజే ఎత్తుతోంది.

"సుభద్రమ్మ పిన్నీ!" అని వీధిలోంచి పిలుపు వినబడింది.

వచ్చింది ఉష. ఆ పేటకి ఆశా కార్యకర్త. ముప్పై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం మూడు వీధులకి వినబడుతుంది. చేతిలో ప్లాస్టిక్ సంచీ ఉంది.

"ఏటి పిన్నీ ఇది? ఇజీనారం డాక్టరుగారు నీకు నాలుగు డబ్బాలిచ్చి పంపినారట గదా. ఇంట్లో నలుగురివీ పట్టించి మూడ్రోజుల్లో తెమ్మన్నారట. తొమ్మిది రోజులైపోనాది! ఆల్లు మా హెల్త్ సెంటరుకి ఫోన్ సేసి తిట్టినారు."

ఇంట్లో ముగ్గురూ సుభద్రమ్మ వైపు తిరిగారు.

"ఏ డబ్బాలు అత్తా?" అంది శైలజ.

సుభద్రమ్మ చేటలోకి చూస్తూ కూర్చుంది.

ఉష తన సంచీలోంచి మూతలున్న చిన్న డబ్బాలు నాలుగు తీసి అరుగు మీద వరసగా పెట్టింది. "సరే, మల్లీ తెచ్చినాను. రేపు పొద్దున్న దొడ్డికెల్లినప్పుడు ఎవరిది ఆల్లు కొంచెం పట్టండి. మూత మీద పేరు రాయండి. తులసిది కూడా."

నారాయణమూర్తి లేచి నిలబడ్డాడు. "ఏటేటీ? మా ఆడోలు డబ్బాల్లో... అదీ పేర్లు రాసి! జబ్బు ఆడికైతే మా పిల్లదాని దొడ్డితో మీకేటమ్మా పని?"

"ఉంది బాబాయ్, కూకో. డాక్టరుగారు పిన్నికి అంతా సెప్పినారట. మల్లీ సెప్తాను." ఉష అరుగు మీద బాసింపట్టు వేసుకుంది. ట్రైనింగులో నేర్చుకున్నది చెప్పే అవకాశం వస్తే ఆమె వదలదు. "పురుగున్న పంది మాంసం సరిగా ఉడక్కుండా తింటే కడుపులో బద్దెపురుగవుతాది. మూరల కొద్దీ పెరుగుతాది. తిన్నోడికి ఏటీ తెలీదు. సుబ్బరంగా తిరుగుతాడు. దాని గుడ్లు ఆడు దొడ్డికెల్లినప్పుడు బయటికొస్తాయి. సేతులు సబ్బుతో కడక్కుండా ఒండితే, కలిపితే, ఆ గుడ్లు తిండిలో పడి ఇంకొకల కడుపులోకెల్తాయి. నెత్తురులో కలిసి బుర్రకెక్కుతాయి. అప్పుడొస్తాయి ఫిట్లు."

"అంటే?" అంది శైలజ.

"అంటే ఏటుంది? ఫిట్లొచ్చినోడు మాంసం తినక్కర్నేదు. తిన్నోడి సేతి కూడు తింటే సాలు."

వీధిలో లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. అది దూరమయ్యేదాకా శైలజ భర్తనే చూస్తూ ఉంది.

"మరి నువ్వు తిన్నానన్నావు."

"తిన్నానంటే ఉంటానన్నావు గదా," అన్నాడు మోహనకృష్ణ.

"తిన్నావా, తిన్లేదా?"

"తిన్లేదే. పొద్దున్నుంచీ అదే సెప్తన్నాను."

"మరి ఏసవిలో? సుంకి కాడ? రెండు సార్లు?"

"ఒక్కసారంటే నమ్మవని."

శైలజకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెంప పగలగొట్టాలని ఉంది, ఆ తల ఒళ్ళో పెట్టుకోవాలనీ ఉంది. తండ్రి ఎదురుగా రెండూ కుదరవు. తొమ్మిది రోజులు నిజం చెప్పినవాణ్ణి అబద్ధాలకోరన్నది. అబద్ధం చెప్పగానే నమ్మి చీరలు దండెం మీద వేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మరి ఈ ఇంట్లో పంది తినీవోలు ఎవరు?" ఉష పుస్తకం తెరిచింది.

"ఎవరూ తినరు," అంది శైలజ. "నానూ అత్తా కోడి, సేపలు, ఏట. అంతే."

ఉష పెన్ను కదిలిస్తూ పైకి చదివింది. "కోడి, చేప, మేక..."

"మేకేటమ్మా? ఏట అంది పిల్ల," అన్నాడు నారాయణమూర్తి.

"ఏటంటే మేకే గదా బాబాయ్."

"మీ సాలూర్లో గావాల. మాకు మేకంటే మేకే. ఏటంటే ఏట. కొండ దిగొచ్చి నా మొక్కజొన్న సేను తొక్కీస్తాది సూడు, అది. ఉచ్చేసి పడతాం."

ఉష పెన్ను ఆగింది. "దానికి కోరలుంటాయా?"

"ఉండవేటి మరి!"

"బాబాయ్, అది పంది."

"పంది కాదమ్మా, ఏట!" నారాయణమూర్తికి కోపం వచ్చింది. "పంది వేరు, ఏట వేరు. పంది ఊల్లో మురికిలో తిరుగుతాది. ఏట కొండ మీద దుంపలు తిని బతుకుతాది. దాన్నీ దీన్నీ ఒక గాట కట్టీకు."

మోహనకృష్ణ మామ వంక, భార్య వంక మార్చి మార్చి చూశాడు. "ఏటంటే మేక కాదేటి? ఈ ఏడేల్లూ పెరట్లో ఒండింది అడివిపందా?"

"పంది అనకు బావా, ఏట," అంది శైలజ. అన్నాక ఆ మాట తన చెవికే వింతగా వినబడింది.

అబద్ధమాడాలని ఎవరూ అనుకోలేదు. వేట అన్న మాటకి సాలూరు ఊళ్ళో మేకపోతు అని అర్థం. కొండవార ఊళ్ళలో ఉచ్చులో పడిన జంతువుని చంపితే ఫారెస్టువాళ్ళు కేసు పెడతారు. అందుకని నారాయణమూర్తి తాతగారి నాడే దాని పేరు పలకడం మానేసి ఏట అన్నారు. పలక్కపోగా పలక్కపోగా పేరుతో పాటు జంతువే మారిపోయింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి పందంటే కాలవలోది మాత్రమే. ఏడు తరాలుగా పంది ముట్టలేదని నారాయణమూర్తి ఒట్టు పెట్టమన్నా పెడతాడు. కోర్టులో అయినా పెడతాడు.

"ఇప్పుడు తెచ్చిన పొట్లం అదేనా బాబాయ్?" అంది ఉష.

ఆమే పెరట్లోకి వెళ్ళి తెచ్చి అరుగు చివర పెట్టి ఆకు విప్పింది. ఎర్రటి కండ. దాని నిండా తెల్లగా గుండ్రంగా, నానిన సగ్గుబియ్యం అద్దినట్టు పూసలు.

"ఇవేటి?"

"పూసకండ!" నారాయణమూర్తి ముఖం వెలిగింది. "కొవ్వు పూసలమ్మా. అన్నిటికీ ఉండదు. ఏ నాలుగైదిటికో ఒకదానికి పడతాది. మిగతా కండ ఎండబెడతాం గానీ దీన్ని ఎండబెట్టం, పూస సచ్చిపోతాదని. నిప్పుల మీద రెండు తిప్పులు తిప్పితే సాలు. మా మగోలం ముట్టం. అది ఆడపడుచు వాటా. మా అయ్య అప్పకి పంపీవోడు. అయ్య పోయినకాడ్నుంచి అప్పకీ, పెల్లయిన కాడ్నుంచి సైలుకీ నానే ఏరి ఏరి పెడతన్నాను. ఒక్క ఏడు తప్పలేదు. కావాలంటే అప్పని అడుగు."

ఉష ఆకు మళ్ళీ మూసేసింది. ఆమె గొంతు ఇప్పుడు అరుగు దాటి వినబడలేదు. "బాబాయ్, అవి కొవ్వు కాదు. ఒక్కో పూసలో ఒక్కో పురుగు పిల్లుంటాది. మాకు బొమ్మ సూపించినారు. అచ్చం ఇలాగే ఉంటాది."

నారాయణమూర్తికి ఆ మాట అర్థం చేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆకు వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు.

"అన్ని పూసలూనా?" అన్నాడు.

"అన్నీ."

"నానే ఏరినానమ్మా," అన్నాడాయన. "ఎక్కువ పూసలున్నవి సూసి, నా సేతుల్తో ఏరి పెట్టినాను." ఇంతకుముందు పెద్దమనిషిగా కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఎలా కూర్చోవాలో ఆయనకి తెలియలేదు.

మోహనకృష్ణ మంచం మీంచి లేచి గుమ్మం దాకా వచ్చాడు. నిలబడితే తల తిరుగుతోంది. గుమ్మం పట్టుకున్నాడు.

"అమ్మా, ఆసుపత్రిలో ఇచ్చిన డబ్బాలేవీ?"

"బస్సులోంచి పారీసినాను," అంది సుభద్రమ్మ. తొమ్మిది రోజుల్లో ఆవిడ సూటిగా చెప్పిన మొదటి జవాబు అది.

"ఏల?"

"డాక్టరు ఇంకో మాట అడిగినాడు." సుభద్రమ్మ చేట పక్కన పెట్టి కొంగు ఒళ్ళోకి కుప్పగా లాక్కుంది. "దొడ్డికెల్లినప్పుడు సొరగింజల్లాటివి, తెల్లగా, సపటగా, మీ ఇంట్లో ఎవరికైనా పడతన్నాయా అన్నాడు. తెల్దన్నాను." ఆగింది. "నాకు రెండేల్ల నుంచి పడతన్నాయి. వయసుకి వొచ్చీ రోగమనుకున్నాను. ఎవరికి సెప్పుకుంటాను ఆ మాట?"

"అయితే నీకు తెల్సు," అన్నాడు మోహనకృష్ణ. "నాను తిన్లేదని ఈ తొమ్మిది రోజులూ నీకు తెల్సు."

"తెల్సురా."

"ఇది సంచీ సర్దతంటే సూస్తా కూకున్నావు."

"కూకున్నాను."

"ఇందాక నాను తిన్నానని అబద్దమాడితే ఇన్నావు."

"ఇన్నానురా. నోరు రాలేదు." సుభద్రమ్మకి ఏడుపు పొంగుకొచ్చింది. "నాను ఒండిన కూడే నిన్ను రోడ్డు మీద పడగొట్టిందంటే, మల్లీ నా సేత్తో పెడితే తింటావేట్రా? తండ్రి నేని కొడుకువి. నీకు పెట్టడానికే గదా నాను బతికున్నది!"

మోహనకృష్ణకి కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియలేదు. తల్లి మీద పడదామంటే ఆవిడ ఏడుపు చూడలేకపోయాడు. మామ మీద పడదామంటే ఆయన అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు. పురుగు మీద పడదామంటే అది తన తలలోనే ఉంది.

"పిన్నీ, ఊరుకో," అంది ఉష. "దీనికి మాత్రలున్నాయి. పోతాది. పాపం కాదు, శాపం కాదు. డబ్బాలు మాత్రం అందరూ ఇయ్యండి."

మోహనకృష్ణ భార్య వైపు తిరిగాడు. తొమ్మిది రోజులుగా అతనికి కావలసింది ఒక్కటే. దానినే అడిగాడు.

"ఇప్పుడైనా నమ్ముతావేటే?"

"నమ్ముతన్నాను బావా," అంది శైలజ.

అంది గానీ అతని దగ్గరికి రాలేదు. ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ వెళ్ళి గోడకి ఆనుకుంది. రెండు చేతులూ చీర కుచ్చిళ్ళలో దాచుకుంది.

"ఏటయ్యింది?" అన్నాడు మోహనకృష్ణ.

"సొరగింజలన్నాది అత్త," అంది శైలజ. "అత్త ఒక్కర్తికే కాదు బావా. నాకూ పడతన్నాయి. అవేటో నాకు తెల్దు."

సుభద్రమ్మ ఏడుపు ఆపి తలెత్తింది.

"పొద్దున్న తులసికి అన్నం కలిపి పెట్టింది నానే," అంది శైలజ.